రోమన్ దేవుళ్ళంటే పేర్లు మార్చిన గ్రీకు దేవుళ్ళేనా?

మీ ప్రాజెక్టు కోసం మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జియస్‌ని జూపిటర్ అనీ, ఆఫ్రొడైటీని వీనస్ అనీ, ఏరీస్‌ని మార్స్ అనీ పేర్లు మార్చుకుని రోమన్లు గ్రీకు దేవుళ్ళనే కొలిచారా, లేక వాళ్ళకంటూ సొంత దేవుళ్ళున్నారా? జూపిటర్‌కీ మన వేదంలోని ఆకాశ దేవుడు ద్యౌష్పితకీ చుట్టరికం ఉందంటున్నారు, అది నిజమేనా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. కథలు చాలావరకు గ్రీకులవి. దేవుళ్ళూ, పూజలూ, పండగలూ చాలావరకు రోమువే. జరిగింది పేరు మార్పిడి కాదు. ఎక్కడెక్కడివో ఇద్దరు దేవుళ్ళని పక్కపక్కన నిలబెట్టి, "ఈయనెవరో మనాయన లాగే ఉన్నాడే" అనుకోవడం జరిగింది. ఇక ద్యౌష్పిత సంగతి నిజమే, కానీ జనం అనుకునే పద్ధతిలో కాదు. దానికి కింద వస్తాను.

నేను ఇంగ్లండ్‌లో ఒక స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా లాటిన్ చెప్తున్నాను. మొదటి ఏడాది నేనూ అందరిలాగే బోర్డు మీద రెండు నిలువు గళ్ళు గీసి, ఎడమ పక్క గ్రీకు, కుడి పక్క రోమన్ అని పిల్లలతో రాయించాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల "జానస్‌కి ఎదురుగా ఎవర్ని రాయాలి సార్?" అంది. పుస్తకం అటూ ఇటూ తిప్పాను. ఎవరూ లేరు. తర్వాత తెలిసింది, ఓవిడ్ అనే రోమన్ కవి రెండు వేల ఏళ్ళ కిందటే జానస్‌తో "గ్రీసులో నీకు సాటి వచ్చే దేవుడే లేడు" అన్నాడని. ఆ రోజు నేను ఖాళీగా వదిలిన ఆ గడిలోంచే రోమన్ మతం మొదలుపెట్టాలని నాకు అర్థం కావడానికి మరో రెండు మూడేళ్ళు పట్టింది.

జానస్ అంటే గుమ్మం. లాటిన్‌లో తలుపుని "యానువా" అంటారు. లోపలికీ బయటికీ ఒకేసారి చూడాలి కాబట్టి రెండు మొహాలు. ఏ ప్రార్థనలో అయినా దేవుళ్ళ వరుస చదివితే మొదటి పేరు జానస్‌దే, జూపిటర్ కూడా ఆయన తర్వాతే. జనవరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. రోమ్ నడిబొడ్డున ఆయన గుడి తలుపులు యుద్ధం నడుస్తున్నంత కాలం తెరిచి ఉంచేవాళ్ళు, ఎక్కడా యుద్ధం లేకపోతేనే మూసేవాళ్ళు. ఊరు పుట్టినప్పటి నుంచి తను పుట్టేదాకా ఆ తలుపులు రెండేసార్లు మూశారనీ, తన హయాంలో మూడుసార్లు మూయాలని సెనేట్ (రోమ్ పెద్దల సభ) తీర్మానించిందనీ అగస్టస్ చక్రవర్తి గొప్పగా చెక్కించుకున్నాడు. ఆ లెక్క చూస్తే వాళ్ళ చరిత్రంతా ఎలా నడిచిందో తెలుస్తుంది.

టెర్మినస్ ఇంకా ముచ్చటైనవాడు. ఆయన పొలం గట్టు మీది సరిహద్దు రాయి. బొమ్మ కాదు, మొహం లేదు, రాయే దేవుడు. ఫిబ్రవరి 23న ఇరుపక్కల రైతులూ ఎవరి వైపు నుంచి వాళ్ళు వచ్చి రాయికి పూలదండ వేసి, గొర్రెపిల్లనో పందిపిల్లనో బలిచ్చి, కలిసి భోంచేసేవాళ్ళు. రోమ్‌లో కాపిటోలిన్ కొండ మీద జూపిటర్‌కి పెద్ద గుడి కట్టబోతే, అక్కడున్న చిన్న చిన్న దేవుళ్ళందరినీ జరగమని అడిగారట. మిగతావాళ్ళు జరిగారు, టెర్మినస్ ససేమిరా అన్నాడు. చేసేది లేక ఆయన్ని లోపలే ఉంచి గుడి కట్టారు. ఆయన నెత్తి మీద కప్పు ఉండకూడదు కాబట్టి పైన కన్నం వదిలారు. దేవతల రాజు ఇంట్లో గట్టు రాయి కదలకుండా కూర్చుంది! గట్టు తగాదాలు చూసి పెరిగిన మన రైతులెవరికైనా ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

రోబిగస్ పేరు మీరు విని ఉండరు. గోధుమకి పట్టే తుప్పు తెగులు ఆయనే. లాటిన్‌లో ఇనుముకి పట్టే తుప్పునీ పైరుకి పట్టే తెగులునీ ఒకే మాటతో అంటారు, తెలుగులో మనమూ అంతే. ఏప్రిల్ 25న పూజారి రోమ్ దాటి ఐదో మైలురాయి దగ్గరికి వెళ్ళి కుక్కని బలిచ్చేవాడు. "తుప్పు పట్టించాలనుంటే కత్తులకి పట్టించు, మా పైరుని వదిలెయ్" అని ఓవిడ్ ఆ పూజారి నోట పలికిస్తాడు. రోబిగస్‌కి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ప్రేమకథ లేదు. తేదీ ఉంది, చోటు ఉంది, బలి ఉంది. రోమన్‌కి దేవుడంటే అవి చాలు.

సేద్యంలో పని పనికీ ఒక దేవుడుండేవాడు. సెరీస్ అనే పంటల తల్లికి చేసే పూజలో పూజారి పన్నెండు పేర్లు పిలిచేవాడు. మొదటి దుక్కికి ఒకడు, రెండో దుక్కికి ఒకడు, సాళ్ళు తోలడానికి ఒకడు, విత్తడానికి ఒకడు, కలుపు తీయడానికి ఒకడు, కోతకి మెస్సార్, ఇంటికి తోలడానికి కన్‌వెక్టర్, గాదెలో పోయడానికి కాండిటర్, చివరికి గాదెలోంచి బయటికి తీయడానికి ప్రొమిటర్. తర్వాత కాలంలో క్రైస్తవ గురువు అగస్టిన్ దీన్ని బాగా ఎగతాళి చేశాడు. మామూలు ఇంటికి ఒక్క కాపలావాడు సరిపోతాడు కదా, వీళ్ళకి తలుపుకి ఒకడు, గడపకి ఒకడు, బందుకి ఒకతె, ముగ్గురు కావాల్సి వచ్చిందా అని. వెటకారం బాగానే ఉంది, కానీ ఇలాంటి చిన్న దేవుళ్ళ పేర్లు ఎన్నో ఆయన దయ వల్లే మనదాకా వచ్చాయి.

ఇక ఇంటి సంగతి. ఒకసారి స్కూల్ ట్రిప్ అయ్యాక అమ్మని ఇటలీలో పాంపేయి అనే పాత రోమన్ ఊరి శిథిలాలు చూపించడానికి తీసుకెళ్ళాను. ఎండకి విసుక్కుంటూ నడుస్తున్న మనిషి వెట్టీలనే వాళ్ళ పాత ఇంట్లో, వంటగది దగ్గరున్న చిన్న వాకిట్లో టక్కున ఆగిపోయింది. గోడకి చిన్న గుడి ముఖద్వారంలా కట్టిన గూడు. అందులో రంగుల బొమ్మ: ఇటొకడు అటొకడు పైకెత్తిన కొమ్ముపాత్రలతో గెంతుతున్న కుర్రాళ్ళు, మధ్యలో తల మీద ముసుగేసుకుని నిలబడ్డ పెద్దమనిషి, వాళ్ళ కాళ్ళ కింద ఒంపులు తిరుగుతూ నైవేద్యం వైపు పోతున్న పెద్ద పాము. "వంటింటి పక్కన దేవుడి గూడు, కింద పాము. మన ఇల్లే కదరా ఇది!" అంది.

పూర్తిగా మన ఇల్లు కాదు. ఆ కుర్రాళ్ళిద్దరూ లారెస్, ఇంటినీ ఇంట్లో వాళ్ళనీ కాచే వేల్పులు. మధ్యనున్నాయన ఇంటి యజమానికి పుట్టుకతో తోడుగా వచ్చే శక్తి, దాన్ని జీనియస్ అంటారు. ఇప్పుడు తెలివైనవాణ్ణి పిలిచే మాట అక్కడి నుంచే వచ్చింది. పాము ఆ చోటుకి కాపలా. వీళ్ళకి తోడు పెనాటెస్, అంటే సరుకుల కొట్టు దేవుళ్ళు. ఇంటి మగపిల్లాడు పెద్దవాడయ్యాక చిన్నప్పటి నుంచి మెడలో వేసుకున్న రక్షరేకు లాంటి బిళ్ళని తీసి లారెస్‌కి సమర్పించేవాడు. రోమన్ ఇంట్లో మనిషి రోజూ పలకరించింది వీళ్ళనే, జూపిటర్‌ని కాదు. పేర్ల పట్టికలో వీళ్ళకి మాత్రం ఒక్క గడి కూడా ఉండదు.

అసలు తేడా దేవుళ్ళ పేర్లలో కాదు, దేవుడితో వ్యవహారంలో ఉంది. నాకు తెలిసినంతలో దీన్ని తెలుగువాళ్ళకి చెప్పడం చాలా సులువు, ఇంగ్లీషు పిల్లలకి చెప్పడం కష్టం. ఎందుకంటే మనకి "మొక్కు" అనే మాట ఉంది. పని అయితే ఇది ఇచ్చుకుంటానని ముందే అనుకోవడం, అయ్యాక చెల్లించడం. బ్రిటన్ నుంచి సిరియా దాకా దొరికిన రోమన్ రాతి పీఠాల మీద చివర నాలుగు అక్షరాలు కనిపిస్తుంటాయి: వి, ఎస్, ఎల్, ఎం. పూర్తిగా చదివితే "మొక్కు చెల్లించాడు, మనస్ఫూర్తిగా, దేవుడికి తగినట్టుగా" అని. పిల్లలకి నేను గంటసేపు చెప్పే పాఠాన్ని ఊళ్ళో మా పెద్దమ్మ అయితే ఒక్క మాటలో తేల్చేస్తుంది.

మొక్కు ఎంత ముఖ్యమో తంతు అంత ముఖ్యం. ప్రార్థనలో ఒక్క మాట తప్పినా మళ్ళీ మొదటి నుంచి. ప్లినీ అనే రోమన్ రచయిత ఒక పెద్ద పూజ ఎలా జరిగేదో రాశాడు: ఒకడు రాతప్రతి చూసి మంత్రం ముందుగా అందిస్తాడు, ఇంకొకడు అక్షరం పొల్లు పోకుండా గమనిస్తాడు, మరొకడు జనం నోరు మెదపకుండా చూస్తాడు, పక్కనే సన్నాయి లాంటి వాద్యం ఊదుతుంటారు, ప్రార్థన తప్ప వేరే శబ్దం చెవిన పడకూడదని. మాంగల్యధారణ వేళ ఎవరి తుమ్మూ వినపడకుండా గట్టిమేళం వాయించమని అరిచే పెద్దలు మనకీ ఉన్నారు కదా, అదే భయం.

ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరికి నేను ఏటా పిల్లల్ని తీసుకెళ్తాను. అక్కడ వేడినీటి ఊట ఉంది. స్థానికులు ఆ దేవతని సూలిస్ అనేవాళ్ళు. రోమన్లు వచ్చి, ఈమె మన తెలివి దేవత మినర్వా లాంటిదే అనుకుని సూలిస్ మినర్వా అని కలిపి పిలిచారు. పాత పేరు తీసెయ్యలేదు చూడండి! ఆ ఊటలో సుమారు 130 సీసపు రేకులు దొరికాయి, అన్నీ శాపనార్థాలే. డోసిమెడిస్ అనేవాడి చేతి తొడుగులు రెండు పోయాయి. ఎత్తుకుపోయినవాడికి మతి పోవాలి, కళ్ళు పోవాలి అని దేవతకి రాసిచ్చాడు. చేతి తొడుగులకి కళ్ళా అని పిల్లలు పడీ పడీ నవ్వుతారు. చలికాలంలో ఆ ఊళ్ళో ఒకరోజు నిలబడి చూస్తే డోసిమెడిస్ బాధ నాకు కొంత అర్థమైంది. చాలా రేకుల్లో "మగైనా ఆడైనా, బానిసైనా స్వతంత్రుడైనా" అనే వరస ఉంటుంది, దొంగ ఏ సందులోంచీ తప్పించుకోకుండా. దస్తావేజు రాసే గుమాస్తా భాష అది. దేవత దగ్గరికి కూడా అదే భాషతో వెళ్ళారు.

ఇప్పుడు మీరు చెప్పిన జంటల్లోకి వద్దాం. ఏరీస్, మార్స్ ఒకటేనా? గ్రీకు కవిత్వంలో ఏరీస్‌ని కన్నతండ్రే అసహ్యించుకుంటాడు. రోమ్‌లో మార్స్ ఊరి మూలపురుషుడు, ఊరు కట్టిన రోములస్‌కి తండ్రి, మార్చి నెల ఆయనది. అంతకంటే ముఖ్యం, ఆయన పొలాలకి కాపలా. క్రీ.పూ. 2వ శతాబ్దపు రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ పుస్తకంలో ఒక పూజ రాసిపెట్టాడు: పందినీ గొర్రెనీ ఎద్దునీ పొలం చుట్టూ తిప్పి, "తండ్రీ మార్స్, కనిపించే రోగాల్నీ కనిపించని రోగాల్నీ ఆపు, పంటనీ ద్రాక్షనీ బాగా ఎదగనివ్వు, కాపరుల్నీ మందల్నీ కాపాడు" అని వేడుకోవడం. పొలిమేర దాటి తెగులు రాకూడదు, శత్రువూ రాకూడదు. రెండూ ఒకే దేవుడి పని. ఏరీస్ కథలు చదివి మార్స్‌ని అర్థం చేసుకుందామంటే ఈ పొలం మొత్తం మాయమైపోతుంది.

సాటర్న్ అంతే. ఆయనకి జతగా చెప్పే క్రోనస్ కన్నబిడ్డల్ని మింగినవాడు. రోమ్ సాటర్న్ పాత మంచిరోజుల రాజు, ఖజానా ఆయన గుడిలోనే ఉండేది. విగ్రహం కాళ్ళకి ఏడాదంతా ఉన్నితో కట్టిన కట్లు డిసెంబర్ పండగకి విప్పేవాళ్ళు. ఆ రోజుల్లో బానిసలకి యజమానులే వడ్డించేవాళ్ళు. వీనస్ మొదట్లో తోటలకి సంబంధించిన చిన్న దేవత. ట్రాయ్ వీరుడు ఈనియస్‌కి తల్లి అని కథ అల్లుకున్నాక, మా వంశం ఆమె నుంచే అని జూలియస్ సీజర్ క్రీ.పూ. 46లో గుడి కట్టాక ఆమె దశ తిరిగింది. పొయ్యి దేవత వెస్టాకి గ్రీకుల్లో హెస్టియా ఉందిగానీ, ఆరుగురు కన్యలు ముప్ఫయ్యేసి ఏళ్ళ పాటు ఆరకుండా కాచే ఊరి నిప్పు, లోపల విగ్రహమే లేని గుండ్రటి గుడి రోమ్ ప్రత్యేకం.

అలాగని గ్రీకు ప్రభావమే లేదని నేను అనడం లేదు. అది చాలా పాతది, చాలా లోతైనది. అపోలోకి పేరు కూడా మార్చలేదు, జబ్బులు తగ్గించే దేవుడిగా క్రీ.పూ. 431లో గుడి కట్టారు. క్రీ.పూ. 217లో శత్రు సేనాని హనిబాల్ చేతిలో చావుదెబ్బ తిన్నాక, టెన్షన్‌లో పన్నెండుమంది దేవుళ్ళని జంటలుగా పాన్పుల మీద కూర్చోబెట్టి విందు పెట్టారు. మార్స్ పక్కన వీనస్, నెప్ట్యూన్ పక్కన మినర్వా, ఇలా. మన పట్టికలకి మూలం దాదాపు అదే. కానీ గమనించాల్సింది, బయటి దేవుళ్ళలో చాలామంది రోమ్‌లోకి వాళ్ళంతట వాళ్ళు వచ్చిపడలేదు, సెనేట్ పిలిస్తే వచ్చారు. క్రీ.పూ. 293లో అంటురోగం వచ్చినప్పుడు రాయబారుల్ని పంపి గ్రీసులోని ఎపిడారస్ నుంచి వైద్య దేవుడు ఎస్కులేపియస్‌ని పాము రూపంలో ఓడ మీద తెచ్చుకున్నారు. పాము దిగి టైబర్ నది మధ్య లంకలోకి ఈదుకుంటూ పోయిందట, అక్కడే గుడి కట్టారు. ఆ లంక అంచుకి ఓడ ఆకారంలో కట్టిన రాతి గోడ ముక్క, దాని మీద పాము చుట్టుకున్న కర్ర ఇప్పటికీ ఉన్నాయి. లంక మీద ఇప్పుడూ ఆసుపత్రే ఉంది.

క్రీ.పూ. 204లో ఇప్పటి టర్కీ ప్రాంతం నుంచి సిబిలీ అమ్మవారిని నల్లరాయి రూపంలో తెచ్చారు. తీరా చూస్తే ఆమె పూజారులు తమ మగతనాన్నే కోసుకునేవాళ్ళు. రోమన్లకి గుండె ఆగినంత పనైంది. గుడి ఇచ్చారు, పండగ ఇచ్చారు, కానీ రోమన్ పౌరులెవరూ ఆ పూజారులు కాకూడదని గిరి గీశారు. ద్రాక్షసారా దేవుడు బాకస్ భక్తులు రాత్రిపూట రహస్యంగా గుమిగూడుతున్నారని క్రీ.పూ. 186లో అణచివేశారు. అనుమతి లేకుండా ఐదుగురికి మించి పూజకి చేరకూడదన్న ఆ ఉత్తర్వు చెక్కిన కంచు పలక వియన్నాలో ఉంది. శత్రువుల ఊరిని ముట్టడించినప్పుడు ఆ ఊరి దేవతనే తమ వైపు రమ్మని పిలిచే తంతు కూడా ఉండేది. క్రీ.పూ. 396లో వేయీ పట్టణం పడ్డాక, ఒక కుర్ర సైనికుడు ఆ ఊరి దేవత జూనో విగ్రహంతో "రోమ్‌కి వస్తావా జూనో?" అని సరదాకో భక్తితోనో అడిగితే, తల ఊపిందని పక్కవాళ్ళంతా అరిచారట.

చివరిగా ద్యౌష్పిత. జూపిటర్ అనే మాటలో రెండు ముక్కలున్నాయి, "జూ" అంటే వెలుగుల ఆకాశం, "పిటర్" అంటే తండ్రి. సంస్కృతంలో ద్యౌష్ పితా, గ్రీకులో జియస్ పాటెర్. మూడూ ఒకే పాత మాట నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు, భాషాశాస్త్రంలో దీని మీద తగాదా లేదు. అంటే జూపిటర్ పేరు గ్రీకుల దగ్గర తెచ్చుకున్నది కాదు, వాళ్ళకి పుట్టింటి నుంచే వచ్చింది. అయితే పేరు కలిసినంత మాత్రాన దేవుడు కలవడు. ఋగ్వేదంలో ద్యౌస్సుకి దాదాపు ఎప్పుడూ పృథివితో జంటగానే స్తుతి, పిడుగూ పెత్తనమూ ఇంద్రుడివి. రోమ్‌లో ఆ రెండూ జూపిటర్‌వే. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మనుషులు వేరే వేరే ఊళ్ళలో వేరే వేరే బతుకులు బతికినట్టు.

జానస్ మన గణపతే అనే వాట్సాప్ మెసేజ్ కూడా మీకు వచ్చే ఉంటుంది. ఆ పోలిక 1784లో ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ రాసిన వ్యాసంలోది, రెండూ ఆరంభంలో పిలిచే వేల్పులు కాబట్టి. పేర్లకి ఏ సంబంధమూ లేదు, నమ్మకండి.

రోమన్ లోకంతో మనకి నిజంగా ఉన్న లంకె వేరే చోట ఉంది, మీ గోడ మీది క్యాలెండర్‌లో. మంగళవారం అంగారకుడిది, రోమ్‌లో మార్స్‌ది. బుధవారం మెర్క్యురీది, గురువారం జూపిటర్‌ది, శుక్రవారం వీనస్‌ది, శనివారం సాటర్న్‌ది. అదే గ్రహం, అదే వరస, ఒక్క రోజు కూడా తేడా లేదు. ఈ ఏడు వారాల పద్ధతి వేదంలో లేదు. గ్రీకు, రోమన్ లోకపు జ్యోతిషంతో పాటు క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో ఇటు వచ్చింది. మన దేశంలో తేదీతో పాటు వారం పేరున్న పాత శాసనం మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉంది, క్రీ.శ. 484, గురువారం. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు చాలావరకు అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి, అంటే వర్తకం అంతకు ముందే ఉంది. నాణేలతో పాటు జూపిటర్ గుడి ఇక్కడికి రాలేదు గానీ, ఆయన వారం మాత్రం వచ్చి స్థిరపడింది.

మీ ప్రాజెక్టులో పట్టిక పెట్టక తప్పదంటే పెట్టండి, కాకపోతే మూడో గడి ఒకటి గీయండి: ఏ తేదీన, ఎక్కడ, ఏమిచ్చారు. రోబిగస్ పేరుతో మొదలుపెట్టి నింపుకుంటూ పోండి. గ్రీకు పక్కన గీత పెట్టి వదిలేయాల్సి వస్తే కంగారు పడకండి, మా క్లాసులో ఇప్పటికీ అలాగే వదిలేస్తాం.